వెలుగు ముందు వంటింటికి రావాలి

ఇల్లు బాగుచేయిద్దాం అనుకోగానే అందరూ హాలు గురించే మాట్లాడతారు. ఫాల్స్ సీలింగ్, టీవీ గోడ, గుమ్మం ముందు గ్రానైట్. వంటింటికి కొత్త అలమరలు వస్తాయి గానీ కొత్త వెలుగు రాదు. ఇటూ అటూ పక్కవాళ్ల గోడలు ఆనుకుని ఉండే సన్నటి ఇళ్లలో పట్టపగలు ట్యూబ్‌లైటు వేసుకుని కూర తరిగేవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

60 గజాల స్థలం అంటే 540 చదరపు అడుగులు. 15 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు అనుకోండి. పక్క గోడలకి కిటికీలు పెట్టే వీల్లేదు. ముందు కిటికీ వెలుగు ఆ కిటికీ పైఅంచు ఎత్తుకి రెండు, రెండున్నర రెట్ల దూరం దాకానే సరిగ్గా అందుతుందని ఇళ్లు కట్టేవాళ్ల లెక్క. పైఅంచు 7 అడుగుల ఎత్తులో ఉంటే 14 నుంచి 17 అడుగులన్నమాట. సగం ఇంటితోనే వెలుగు సరి. వంటిల్లేమో వెనకాల ఉంటుంది.

పాతకాలం అగ్రహారాల్లోనూ ఇళ్లు గోడకి గోడ ఆనుకునే ఉండేవి. అయినా మధ్యలో మండువా వదిలేవారు. హనోయ్ పాత పేటలోని సన్నటి పొడుగాటి ఇళ్లకీ లోపల ఆకాశం కనిపించే ఖాళీ ఉంటుంది. గది కన్నా వెలుగు ముఖ్యమని వాళ్లకి తెలుసు. మనమే ప్రతి అడుగుకీ శ్లాబు పోసేసి, తర్వాత కరెంటు బిల్లు చూసి నిట్టూరుస్తున్నాం.

నా మాట ఒకటే. వంటింటి పక్కన 4 అడుగులకి 4 అడుగులు వదలండి. 16 చదరపు అడుగులు, అంటే స్థలంలో నూటికి 3 వంతులు. "ఆ చోటు కలుపుకుంటే పై అంతస్తులో ఇంకో గది వస్తుంది, అద్దెకివ్వొచ్చు" అంటారు ఇంట్లోవాళ్లు. అద్దె నిజమే. కానీ ఆ అద్దె కోసం రోజంతా చీకట్లో నిలబడేది ఎవరు? బియ్యంలో రాళ్లు ఏరడానికి గుమ్మం దాకా వెళ్లాల్సి వచ్చేది అత్తగారే కదా!

వాన పడుతుందనే భయం ఉంటే చుట్టూ చిన్న గట్టు కట్టించి, పైన వాలుగా లామినేటెడ్ గాజు వేయించుకోవచ్చు. అది పగిలినా ముక్కలు కింద పడవు. గాజు కింద పక్కలకి జాలీలు పెడితే వేడిగాలి బయటికి పోతుంది. దొంగలకీ కోతులకీ ఇనుప గ్రిల్లు ఉండనే ఉంది. లోపలి గోడలకి తెల్లసున్నం వేస్తే వెలుగు కింది అంతస్తు దాకా దిగుతుంది. కట్టిన ఇంట్లో శ్లాబు కోయాలంటే మాత్రం మేస్త్రీ మాట సరిపోదు, ఇంజనీరుకి చూపించి తీరాలి. దూలం జోలికి అస్సలు వెళ్లకూడదు.

అంత డబ్బు లేకపోతే లోపలి తలుపుల పైన గాజు వెంటిలేటర్లు పెట్టించండి. మెట్ల కింద మూసిన గోడ తీయించి ఇనుప కమ్మీలు వేయించండి. ఉన్న వెలుగే ఇంకో గదిలోకి నడిచి వస్తుంది.

ప్లాను గీసేటప్పుడు కాఫీలు అందించి వెనక్కి వెళ్లిపోకండి. కుర్చీ లాక్కుని కూర్చుని, "మధ్యాహ్నం మూడింటికి నా పొయ్యి దగ్గర వెలుగు ఎటునుంచి వస్తుంది?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ ప్లాను ఇంకా పూర్తి కానట్టే.