అమ్ముకున్న మాట హామీ కాదు

నలుగురు కారు యజమానులు ఒకచోట చేరితే సంభాషణ ఎక్కడ మొదలైనా చివరికి ఒకే రేవుకు చేరుతుంది. మైలేజీతో మొదలై, సర్వీసు బిల్లు దగ్గర కాసేపు నిట్టూర్చి, ఆఖరుకు "వారంటీ పొడిగించుకున్నారా? ఎందుకైనా మంచిది, పొడిగించుకోండి" అన్న హితవుతో ముగుస్తుంది. ఆ హితవు చెప్పేవారికి దానివల్ల దమ్మిడీ లాభం లేదు. అమ్మేవాడు జీతమిచ్చి చేయించుకోవలసిన ప్రచారాన్ని మనం స్నేహధర్మంగా, ఉచితంగా చేసిపెడుతున్నాం. ఆ "ఎందుకైనా" అన్న మాటలోని అస్పష్టత మీద ఒక పెద్ద వ్యాపారమే నడుస్తోంది. దేనికి మంచిది, ఎవరికి మంచిది అని అడిగేవారు మాత్రం అరుదు.

నా వాదన సూటిగా చెబుతాను. విడిగా డబ్బు పుచ్చుకుని అమ్మే పొడిగింపు వారంటీ అసలు వారంటీయే కాదు. దాన్ని ఆ పేరుతో పిలవడంలోనే మోసం మొదలవుతోంది.

హామీ ఎందుకు పుట్టిందో ఒకసారి ఆలోచించండి. వస్తువు గురించి చేసినవాడికి తెలిసినంత కొనేవాడికి తెలియదు. ఈ తేడా బేరాన్ని ఎలా పాడుచేస్తుందో 1970లో జార్జ్ ఎకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త పాతకార్ల సంతనే ఉదాహరణగా తీసుకుని చూపించాడు. 2001లో మరో ఇద్దరితో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకోవడానికి మూలం ఆ వ్యాసమే. ఆ తేడాను పూడ్చే ఏర్పాట్లలో హామీ ఒకటని కూడా ఆయన అందులోనే చెప్పాడు. అంటే హామీ అనేది తయారీదారు తన మాటకు తానే పెట్టే తాకట్టు. బండి చెడితే నష్టం అతనిది. కనుక చెడకుండా చేయడమే అతనికి లాభం.

1998లో హ్యుందాయ్ సంస్థ అమెరికాలో ఇంజనుకూ గేరుబాక్సుకూ 10 ఏళ్ళు లేదా 1,00,000 మైళ్ళ హామీ ప్రకటించింది. నాసిరకం బళ్ళన్న అపవాదు మోస్తున్న సంస్థ అంత మాట ఇచ్చిందంటే, ఆ మాట నిలుపుకోవడానికి నాణ్యత పెంచక తప్పదు. మన దేశంలో మారుతీ సుజుకీ 2024 జులైలో తన మామూలు వారంటీని 2 ఏళ్ళు, 40,000 కిలోమీటర్ల నుండి 3 ఏళ్ళు, 1,00,000 కిలోమీటర్లకు పెంచింది. ఆ మూడో ఏటికి కొనేవాడి దగ్గర విడిగా రుసుము తీసుకోలేదు. హామీ అంటే ఇదీ. ఇచ్చేది, అమ్మేది కాదు.

ఇప్పుడు రెండో రకం చూడండి. ఇక్కడ బండి చెడిపోయే ప్రమాదానికి ముందే వెల కట్టి, ఆ వెలను మన నెత్తిన పెడతారు. అమ్మేవాడి తాకట్టు ఏమీ లేదు. పైగా బండి మీద మన భయం పెరిగేకొద్దీ అతని అమ్మకం పెరుగుతుంది. బేరమాడే రోజున "మా ఇంజను రాయిలాంటిది సార్" అన్న నోరే తాళాలు ఇచ్చే రోజున "ఒక్క సెన్సారు పోయినా వేలల్లో అవుతుంది సార్" అంటుంది. ఈ రెండు మాటల్లో ఒకటే నిజం కావాలి. మొదటిది నిజమైతే పొడిగింపు అక్కర్లేదు. రెండోది నిజమైతే ఆ బండే అక్కర్లేదు.

ఈ తేడా నేను కల్పించినది కాదు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం బండి ధరలో భాగంగా వచ్చే హామీని వేరుగా, విడిగా డబ్బు కట్టి కొనే సేవా ఒప్పందాన్ని వేరుగా చూస్తుంది. ఆ దేశంలో ఉన్న మనవారికి ఈ ఒప్పందాల సంగతి ఇంకో దారిలో బాగా తెలుసు: "మీ కారు వారంటీ ముగియబోతోంది" అంటూ వేళాపాళా లేకుండా మోగిన యంత్రపు ఫోన్లు. 2021లో మూడు నెలల వ్యవధిలోనే 500 కోట్లకు పైగా ఇలాంటి ఫోన్లు చేసిన ఒక ముఠాకు అక్కడి సమాచార కమిషన్ 2023లో దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. నిజాయితీగా ఈ ఒప్పందాలు అమ్మే సంస్థలు లేవనను. కానీ ఇన్ని కోట్ల ఫోన్లకు ఎరగా పనికొచ్చిన సరుకు ఏమిటంటే, భయం.

ఇక కొన్న తరువాత సంగతి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఈ కాగితాల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. ఒప్పందం వెనుక పేజీ చదవండి. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, టైర్లు, వైపర్లు, రబ్బరు బుష్షులు సాధారణంగా అరుగుదల పద్దులో పోతాయి. ఎలుకలు కొరికిన వైర్లు బయటి కారణం. నీళ్ళలో మునిగిన ఇంజను ప్రకృతి వైపరీత్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లో కార్లు మునిగిపోయినప్పుడు, తయారీలోపానికి మాత్రమే వర్తించే ఈ కాగితాల వల్ల ఒరిగేదేమిటి? అక్కడ ఆదుకోగలిగింది బీమా. అందులోనూ, మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజనులోకి నీరు చేరి జరిగే నష్టానికి ఇంజను రక్షణ అనే అదనపు కవరు ఉండాలి. వానలకు మునిగే పేటలో ఉంటూ వారంటీ పొడిగించి, బీమాలో ఆ కవరు వదిలేసినవారికి మన "ఎందుకైనా మంచిది" ఎందుకూ పనికిరాలేదు.

అన్నిటికన్నా నన్ను బాధించేది వేరే షరతు: సర్వీసు ప్రతిసారీ కంపెనీ వర్క్‌షాపులోనే చేయించాలి, ఒక్కటి తప్పినా ఒప్పందం చెల్లదు. అంటే మనం కొన్నది రక్షణ కాదు, కట్టుగొయ్య. గొయ్యకు కట్టిన పశువుకు గడ్డి ధర అడిగే హక్కు ఉండదు. ఆయిలు మార్చమని వెళితే ఇంజన్ ఫ్లషింగ్, థ్రాటిల్ బాడీ శుభ్రత, ఏసీ క్రిమినాశనం అంటూ జాబ్ కార్డు మీద వరుసలు పెరుగుతాయి. యజమాని పుస్తకంలో అవి ఉన్నాయా అని అడిగితే సర్వీస్ అడ్వైజర్ మొహం చిట్లిస్తాడు. వద్దంటే "తరువాత క్లెయిము వస్తే ఇబ్బంది సార్" అంటాడు. ఆ బెదిరింపుకు బలమిచ్చింది మనం డబ్బిచ్చి కొన్న కాగితమే.

ఈ కట్టుగొయ్య సంగతి మన దేశంలో ఒక నియంత్రణ సంస్థ దాకా వెళ్ళింది. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలను బయట మెకానిక్కులకు దొరకనివ్వడం లేదని, లోపాలు కనిపెట్టే పరికరాలనూ మరమ్మతు పుస్తకాలనూ అందనివ్వడం లేదని తేల్చింది. బయట బాగుచేయించారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయరాదని, బయటి పని వల్ల కలిగిన నష్టం మేరకే కాదనవచ్చని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్ళకూ కోర్టులకూ వెళ్ళాయి. ఆ సంగతి అటుంచితే, ఆ ఆదేశంలోని న్యాయం సామాన్యుడికి కూడా అర్థమయ్యేదే. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు, అది చూడవలసిన రంగాలలో వాహనాలు కూడా ఉన్నాయి.

ఇక్కడ పణంగా ఉన్నది మన జేబు మాత్రమే కాదు. విజయవాడ ఆటోనగర్‌లోనూ, ప్రతి ఊరి పొలిమేరలోని రేకుల షెడ్డులోనూ చెవితో ఇంజను జబ్బు పట్టగల పనివాళ్ళు ఉన్నారు. వాళ్ళకు కొత్త బండి చేతికందక, పుస్తకం అందక, స్కానరు అందక వెనకబడితే "చూశారా, బయటివాళ్ళకు కొత్త బళ్ళు రావు" అని మనమే తీర్పు చెబుతాం. బావి పూడ్చి, ఊళ్ళో నీళ్ళు లేవని నిందించడం లాంటిదిది.

నాకు వచ్చే జవాబు తెలుసు. ఇప్పటి బళ్ళలో టర్బోలు, ఆటోమేటిక్ గేరుబాక్సులు, తెరలు, సెన్సార్లు ఉన్నాయి. ఒక్కటి పోతే నెల జీతం సరిపోదు. ఇది నిజమే, కాదనను. కానీ అలాంటప్పుడు దాన్ని బీమాగా చూడండి, బీమాకు వేసే లెక్కే వేయండి. అమ్మిన కాగితాల సొమ్ములోంచే క్లెయిములు, ఖర్చులు, డీలరు కమీషను, లాభం అన్నీ రావాలి. కనుక కొన్నవారందరినీ కలిపి చూస్తే, కట్టినదానికన్నా తక్కువే వెనక్కి వస్తుంది. వారిలో కొందరు గెలుస్తారు, వారి కథలే మనకు వినబడతాయి. ఏ దెబ్బ తగిలితే కుటుంబం కుదేలవుతుందో దానికి బీమా చేయాలి. మోయగలిగిన ఖర్చుకు చేయడం దండగ. ఖరీదైన గేరుబాక్సు ఉన్న బండిని వారంటీ ముగిశాక కూడా ఏళ్ళ తరబడి ఉంచుకోదలచినవారు, షరతులన్నీ చదివి, గేరుబాక్సు అందులో ఉందని చూసుకుని కొంటే నాకు పేచీ లేదు. చిన్న బండి, మామూలు గేర్లు, ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు తిరిగే ఇంటికి కూడా అదే మంత్రం ఉపదేశించడం మీదే నా పేచీ.

మరి యజమానులు ఒకరికొకరు ఏమి చెప్పుకోవాలి? చెప్పుకోవడానికి చాలా ఉంది. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు అది పుట్టిన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. కొత్తదని అమ్మిన టైరు వయసు అక్కడ తెలిసిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, అందుకే బండి తిరగకపోయినా గడువుకు మార్చాలి. ఇంజనులో ఉన్నది టైమింగ్ బెల్టా, చెయినా అన్నది ప్రతి యజమానికీ తెలియాలి. బెల్టయితే పుస్తకంలో ఉన్న గడువు దాటనివ్వకూడదు. అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది. మార్చిన పాత భాగం చూపించమని అడగాలి. జాబ్ కార్డు మీద సంతకం చేసేముందు ప్రతి వరుసా చదవాలి. బిల్లులు దాచాలి. పేరు చెరిపి ఒకరికొకరు చూపించుకోవాలి. ఒకే పనికి ఒకే ఊళ్ళో మూడు ధరలు ఎలా ఉన్నాయో అప్పుడే బయటపడుతుంది.

వీటిలో దేనికీ డబ్బు ఖర్చు లేదు. బహుశా అందుకే వీటిని ఎవరూ మనకు అమ్మరు. బండితోపాటు వచ్చిన పుస్తకం గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది. మనం మాత్రం దానిలో లేని భయాలను ఇంటింటికీ పంచుతుంటాం.

నాతో విభేదించేవారు నిరభ్యంతరంగా విభేదించండి. కానీ షోరూములో ఇచ్చిన రంగుల కరపత్రంతో కాదు, మీరు సంతకం పెట్టిన ఒప్పందపు వెనుక పేజీతో రండి. కూర్చుని కలిసి చదువుదాం.