చదరంగం బల్ల ఊళ్లకు రావాలి

ఉప్పల్ పేరు చెబితే జనానికి ముందు గుర్తుకొచ్చేది క్రికెట్ స్టేడియమే. మ్యాచ్ ఉన్ననాడు ఆ దారిన బండి కదలడం గగనం. ఘట్‌కేసర్ వైపు నుంచి కూరగాయలు తెచ్చిన రైతులు ఎండలో నిలబడి చూడవలసిందే. ఆ స్టేడియానికి కొద్ది దూరంలోని ఉప్పల్ చౌరస్తాలోనే వరంగల్ బస్సులు ఆగి జనాన్ని ఎక్కించుకుంటాయి. ఆ వరంగల్ కుర్రవాడు ఎరిగైసి అర్జున్ 2022లో చదరంగంలో జాతీయ విజేత అయిన సంగతి ఆ బస్సుల్లో తిరిగే వారిలో ఎందరికి తెలుసునో చెప్పడం కష్టం. క్రికెట్‌లో ఎవరు ఎన్ని పరుగులు తీశారో మాత్రం పిల్లవాడిని లేపి అడిగినా చెబుతాడు.

ఆ ఏడాది కాన్పూరులో మార్చి తొలివారంలో ముగిసిన జాతీయ పోటీ ఫలితం చిత్రమైనది. పదకొండు ఆటలు ముగిసేసరికి అర్జున్, తమిళనాడుకు చెందిన గుకేష్, ఇనియన్ ముగ్గురూ ఎనిమిదిన్నర పాయింట్లతో సమానంగా నిలిచారు. గెలిస్తే ఒక పాయింటు, సరిసమానంగా ముగిస్తే అర పాయింటు. ఇందులో ఓడినవాడు ఇంటికి పోనక్కరలేదు. ప్రతి విడతలోనూ దాదాపు సమాన పాయింట్లున్న వారికే జత కుదురుస్తారు. చివరకు ముగ్గురు సమానమైతే, ఎవరు ఎంత గట్టివాళ్లతో ఆడారన్న లెక్క కూడా చూస్తారు. అటువంటి లెక్కల్లోనే అర్జున్‌కు మొదటి స్థానం దక్కింది. ఆ ముగ్గురిలోని గుకేషే 2024లో ప్రపంచ విజేత అయ్యాడంటే, ఆ పోటీ ఎంత గట్టిదో పాఠకులే ఊహించుకోవచ్చు.

పూర్వం ఇంత లెక్క లేదు. మన దేశంలో మొట్టమొదటి జాతీయ చదరంగ పోటీ 1955లో ఢిల్లీలోనో బొంబాయిలోనో కాదు, మన ఏలూరులో జరిగింది. అఖిల భారత చదరంగ సమాఖ్య 1951లో ఏర్పడింది. అప్పటికింకా ఆంధ్రప్రదేశ్ కూడా అవతరించలేదు. ఆంధ్ర చదరంగ సంఘం వారు పూనుకొని, మే నెల ఎండల్లో, ఒక జిల్లా పట్టణంలో దేశంలోని ఆటగాళ్లందరినీ కూర్చోబెట్టారు. మహారాష్ట్రకు చెందిన రామచంద్ర సప్రే, ఆంధ్రకు చెందిన డి.వెంకయ్య సమానంగా నిలిస్తే ఇద్దరినీ విజేతలుగా ప్రకటించారు. ఆనాడు పెద్ద హోటళ్లు లేవు, కంప్యూటర్లు లేవు, టీవీలు లేవు. బల్లలు, కుర్చీలు, గడియారాలు, కాస్త పట్టుదల ఉన్నాయి. ఇంత గొప్ప సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంగానైనా వస్తే బాగుండును.

పల్లెల్లో చదరంగం లేదనడం మాత్రం సరికాదు. రచ్చబండ మీద, రావిచెట్టు నీడన సుద్దముక్కతో గళ్లు గీసి ఆడిన తాతలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. చిక్కల్లా ఒక్కటే. వారి ఆట వేరు, పోటీల్లో ఆట వేరు. నాటు పద్ధతిలో బంటు ఎప్పుడైనా ఒక్క గడే నడుస్తుంది. పోటీల్లో మొదటి ఎత్తుకు రెండు గళ్లు నడవవచ్చు. నాటు ఆటలో రాజుకు ఒక్కసారి గుర్రంలా దూకే వీలుంటుంది. పోటీల్లో అది చెల్లదు, రాజును ఏనుగు చాటున కోటలో పెట్టే ఎత్తు ఉంటుంది. తాత దగ్గర నేర్చి ఊరందరినీ ఓడించిన పిల్లవాడు పట్నం వచ్చి, మొదటి ఆటలోనే తెల్లబోయి చూస్తాడు. పైగా వేసిన ప్రతి ఎత్తునూ కాగితం మీద రాయాలి, గడియారం నొక్కాలి, ముట్టుకున్న పావునే కదపాలి. ఇవి తెలివికి సంబంధించినవి కావు, ఎవరైనా కూర్చోబెట్టి వారం రోజులు చెబితే వచ్చేవి. పంజాబ్‌కు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ నాటు ఆటతో పెరిగినవాడే. కొత్త పద్ధతి నేర్చుకుని 1929, 1932, 1933లలో మూడుసార్లు బ్రిటిష్ విజేత అయ్యాడు.

తెలుగువారి పేర్లు ఈ ఆటలో ఇప్పుడు లోకమంతా వినబడుతున్నాయి. గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ 2004లో ప్రపంచ జూనియర్ విజేత. విజయవాడ కుర్రవాడు లలిత్‌బాబు 2017లో పాట్నాలో జాతీయ విజేత. కోనేరు హంపి 2019లోనూ, 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత్‌కు రెండు స్వర్ణాలు వస్తే, ఆ జట్లలో అర్జున్, హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఉన్నారు. అర్జున్ పదకొండు ఆటల్లో పది పాయింట్లు తెచ్చాడు.

అయితే వీరి వెనుక ఎవరున్నారో కూడా చూడాలి. హంపి తండ్రి ఉద్యోగం వదులుకుని కూతురికి గురువయ్యాడు. అర్జున్ తండ్రి వైద్యుడు. పిల్లల కోసం అంత చేసిన ఆ తల్లిదండ్రులను మెచ్చుకోవలసిందే. కాని నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు పనిచేసే కార్మికుడు, కీసరలో కూలికి పోయే తల్లి ఉద్యోగం వదిలి గురువులు కాగలరా? ఊరూరా తిరిగి పోటీలకు రుసుం కట్టగలరా? అంతర్జాతీయ రేటింగు రావాలంటే రేటింగు ఉన్నవారితో కనీసం ఐదు ఆటలు ఆడి ఉండాలి. అటువంటి వారు పల్లెలకు రారు, పల్లె పిల్లలే వారున్న చోటికి పోవాలి. వారాంతపు పోటీకి పోవాలంటే ఇద్దరికి బస్సు చార్జీ, భోజనం, రుసుం కలిపి ఒకరి కూలి మొత్తం అయిపోతుంది. ఇక రెండోరోజు రమ్మంటే ఎలా?

ఇందుకు కోట్లు అక్కరలేదు. స్టేడియం కట్టాలంటే ఎకరాలు కావాలి, చదరంగానికి బడి వరండా చాలు. జిల్లా పరిషత్ హైస్కూళ్లకు తలా పది బల్లలు, నాలుగు గడియారాలు ఇచ్చి, వ్యాయామోపాధ్యాయులకు పోటీ నిబంధనలు నేర్పితే సగం పని అయినట్టే. శాఖా గ్రంథాలయాల్లో సాయంత్రం పూట ఒక మూల ఆటకు కేటాయించవచ్చు. పత్రిక చదివే పెద్దలు కాస్త విసుక్కుంటారేమో గాని, ఈ ఆటలో చప్పుడుండదు. వేసవి సెలవుల్లో మండల స్థాయి పోటీలు పెట్టి, గెలిచిన వారికి జిల్లా పోటీకి బస్సు ఖర్చు, ప్రవేశ రుసుం జిల్లా పరిషత్తే భరించాలి. కప్పులు, శాలువాలు తర్వాత చూసుకోవచ్చు.

జిల్లా చదరంగ సంఘం బాధ్యులకు కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. పోటీలన్నీ నగరంలోని పెద్ద బడుల్లో పెడితే వచ్చేదీ ఆ బడుల పిల్లలే. ఏడాదికి ఒక్క పోటీనైనా ఘట్‌కేసర్‌లోనో శామీర్‌పేటలోనో పెట్టి, తేదీలు నెల ముందుగా బడులకు పంపాలి. ఎక్కడ పెట్టేదీ, రుసుం ఎంతో, గ్రామీణ పిల్లలకు మినహాయింపు ఉందో లేదో ఆ కాగితంలోనే స్పష్టంగా రాయాలి.