తులసమ్మకు జబ్బు

మా ఇంటి తులసికోటలో మొక్కకు ఈమధ్య ఆకులు ముడుచుకుపోయి, పసుపు మచ్చలు తేలాయి. "ఎరువు చాలడం లేదు" అంది మా ఆవిడ. "దిష్టి" అంది అమ్మ. నేను తెలుగు మేష్టర్ని. తులసి మీద పద్యం అడిగితే చెప్పగలను గాని, తులసికి వైద్యం చెప్పలేను. అంచేత మా కాలేజీ వృక్షశాస్త్రం మిత్రుణ్ణి కాఫీకి పిలిచాను.

ఆయన ఆకు తిప్పి చూసి, "వైరస్ లాగుందండీ. పరీక్ష చేయించందే రూఢిగా చెప్పలేం. అదే అయితే మందు లేదు, పీకెయ్యడమే" అన్నాడు.

నరసరావుపేటలో ఈ మాట ఎవరికీ కొత్త కాదు. మిరపతోటలో బొబ్బర పడితే తెల్లదోమకు మందు కొడతారే గాని, తెగులు పట్టిన మొక్కను బాగుచేసే మందేదీ? పీకి తగలెయ్యవలసిందే. కాని మిరపమొక్క వేరు, తులసమ్మ వేరు గదా! పైగా ఇది అమ్మ పెళ్లయి వచ్చేటప్పుడు గురజాల పుట్టింటి కోటనుంచి తెచ్చిన గింజల వంశం.

అమ్మ ఓ ఆకు తుంచి, నలిపి వాసన చూసింది. "ఇంత ఘుమఘుమలాడుతుంటే జబ్బేమిటి నాయనా?"

ఆ వాసన దగ్గరే ఉంది తిరకాసంతా అన్నాడు మిత్రుడు. తులసాకు మీద కంటికి ఆనని నూనె తిత్తులుంటాయి. లవంగానికి ఘాటునిచ్చే యూజినాల్ ఈ నూనెలోనూ ఉంది. వైరస్ సోకితే ఆకు కుదించుకుపోయి నూనె తగ్గవచ్చు. అది సరే, నూనెలో పాళ్లు కూడా మారవచ్చు, ఒకటి పెరిగి, ఒకటి తరిగి. ముక్కుకు మాత్రం బాగానే ఉంటుంది.

1997లో అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయం వారు మొజాయిక్ వైరస్ సోకిన పొగాకు మొక్కల్ని పరిశీలించారు. అవి మిథైల్ సాలిసిలేట్ అనే వాసన వదిలాయి. మనం నడుంనొప్పికి రాసుకునే బామ్ వాసనే! ఆ గాలి సోకిన పక్క మొక్కలు తెగులును తట్టుకోవడానికి ముందే సిద్ధమయ్యాయట. ఇరుగుపొరుగంటే అలా ఉండాలి అనుకున్నాను.

అంతలో ఆయన రెండో కథ ఎత్తాడు. 2010లో పెన్సిల్వేనియాలో గుమ్మడి జాతి మొక్కల మీద తేలిన సంగతి. కుకుంబర్ మొజాయిక్ వైరస్ పట్టిన మొక్క వాసన ఎక్కువ చిమ్మింది. పేనుబంక ఆశపడి వచ్చి వాలింది. తీరా నోరు పెడితే రసం రుచించలేదు. వెంటనే మూతికి వైరస్ అంటించుకుని పక్క మొక్క మీదికి పోయింది. వాసన మొక్కది, ఎత్తు వైరస్‌ది! మన మిరపలోనూ ఈ వైరస్ ఉంది.

"మనుషులకంటుతుందా?" అంది అమ్మ.

"అంటదమ్మా. కాని కషాయానికి మంచి మొక్క ఆకే వాడండి."

"పోనీ, దీని గింజలే మళ్లీ చల్లితే?"

ఆయన నసిగాడు. కొన్ని వైరస్‌లు గింజలోంచీ దిగుతాయి మరి.

అమ్మ ఇంక మాట్లాడలేదు. సాయంత్రం కోట దగ్గర దీపం పెట్టి వచ్చి నాతో అంది: "గురజాలలో తమ్ముడింట్లో పాతకోట ఇంకా ఉందిరా. గురువారం వెళ్లి గింజ తెస్తాను. పీకితే నేను ఊళ్లో లేనప్పుడు పీకు."