తప్పు వెన్నుది కాదు, బల్లది

"నిటారుగా కూర్చోమ్మా, అదే పోతుంది." మెడనొప్పి అన్న పరిశోధక విద్యార్థికి ఇంట్లో అమ్మ, ల్యాబ్‌లో సారు, మందుల షాపతను అందరూ చెప్పే మాట ఇదే. ఈ మాట తప్పు. అన్యాయం కూడా. నొప్పి పడుతున్న మనిషినే నొప్పికి కారణం చేస్తుంది.

ల్యాప్‌టాప్‌నే చూడండి. తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. తెరను కంటి ఎత్తుకి లేపితే చేతులు గాల్లోకి లేవాలి. కీబోర్డును మోచేతి ఎత్తుకి దించితే మెడ వంగాలి. ఎంత క్రమశిక్షణ ఉన్నా ఈ రెండూ ఒకేసారి కుదరవు. మనిషి తల బరువు సుమారు ఐదు కిలోలు. అది 60 డిగ్రీలు ముందుకి వంగితే మెడ మీద పడే భారం 27 కిలోల దాకా ఉంటుందని వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో లెక్క కట్టారు. ఆ లెక్క ఫోన్లు చూసేవాళ్ల కోసం వేసింది. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకున్నా వంగేది అదే మెడ.

పోనీ, నిటారు అన్నదైనా సరైనదేనా? 2006లో స్కాట్లండ్‌లోని అబర్‌డీన్‌లో 22 మందిని రకరకాలుగా కూర్చోబెట్టి ఎంఆర్ఐ తీశారు. 90 డిగ్రీల నిటారు కంటే వెనక్కి వాలి కూర్చున్నప్పుడే నడుము డిస్కుల మీద ఒత్తిడి తక్కువని తేలింది. అసలు గంటల తరబడి భరించదగ్గ భంగిమ అంటూ ఏదీ లేదు. అరగంటకోసారి లేవాల్సిందే.

హాస్టల్లో నా పక్క గది అమ్మాయి థీసిస్ మూడో అధ్యాయమంతా మంచం మీదే రాసింది. ఒళ్లో దిండు, దిండు మీద ల్యాప్‌టాప్. డిపార్ట్‌మెంట్‌లో తనకి దక్కింది ఒక ప్లాస్టిక్ కుర్చీ, మోకాళ్లు పట్టని బల్ల. కుడి మణికట్టుకి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని ఎడమ చేత్తో మౌస్ తిప్పడం నేర్చుకుంది. "సార్‌కి చెబితే సాకు అనుకుంటారక్కా" అంది. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. చివరికి శబ్దరత్నాకరం నిఘంటువు, దాని కింద ఇంకో రెండు లావుపాటి పుస్తకాలు పేర్చి ల్యాప్‌టాప్‌ని పైకెత్తాం. విడిగా కీబోర్డు, మౌసు కొన్నాం. నడుము వెనక తువ్వాలు మడిచి పెట్టాం. మెడ వారం తిరక్కుండానే తేలికపడింది. మణికట్టుకి మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లక తప్పలేదు. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతుంటే ఓర్చుకోవడం గొప్ప కాదు, ప్రమాదం.

ఇటలీ వైద్యుడు రామజ్జీని మూడు వందల ఏళ్ల కిందటే రాతపనివాళ్ల జబ్బులకి మూడు కారణాలు చెప్పాడు: కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఒకే తీరున ఆడుతూ ఉండటం, మనసు మీద భారం. మూడూ పనిలో ఉన్నవే. మనిషి బద్ధకం అందులో లేదు. బ్రిటన్‌లో 1992 నాటి నిబంధనల ప్రకారం తెర ముందు పనిచేసే ఉద్యోగి బల్లని, కుర్చీని యజమానే పరీక్షించాలి. మన స్కాలర్ ఉద్యోగి కాదు. తనకొచ్చేది జీతం కాదు, ఫెలోషిప్. అదీ అందరికీ రాదు. అందుకే ఆ కుర్చీ ఎవరి బాధ్యతా కాకుండా పోయింది.

గైడ్లకి, హెచ్‌ఓడీలకి నా విన్నపం ఒక్కటే. కొత్త స్కాలర్ చేరిన రోజున రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటు ఒక కీబోర్డు, ఒక మౌసు, ల్యాప్‌టాప్‌ని కంటి ఎత్తుకి లేపే ఒక స్టాండు ఇప్పించండి. ఆ తర్వాతే నిటారుగా కూర్చోమనండి.