యంత్రమునకు కంచె

2025 జూన్ 30వ తేదీన సంగారెడ్డి జిల్లా పాశమైలారమున ఔషధ కర్మాగారములో సంభవించిన ప్రేలుడునందు 40 మందికి పైగా కార్మికులు అసువులు బాసిరి. అంతకు పదినెలలు ముందు, 2024 ఆగస్టు 21న, అచ్యుతాపురమున 17 మంది మరణించిరి. ఇట్టి దినములలో మంత్రులు వత్తురు, పరిహారము ప్రకటింతురు, విచారణసంఘమును నియమింతురు. మూడవనాటికి పత్రికలు సైతము వేఱొక వార్త వెంట బోవును. ఇది దైవికమని సరిపుచ్చుకొనుటకు వీలులేదు. ఈ దేశమున కార్మికరక్షణ చట్టము పుట్టి 140 ఏండ్లు దాటినది.

ఆ పుట్టుకయే విచిత్రము. బొంబాయి మిల్లులలో నూలు చవుకగా తయారగుచుండుట చూచి లంకాషైరు మిల్లుదారులకు భారతదేశపు కూలీలపై హఠాత్తుగా దయ కలిగినది! 1875లో బొంబాయిలో విచారణసంఘము కూర్చుండెను. 1881లో చట్టము వచ్చెను. 100 మందికి తక్కువ పనివారున్నచోట అది వర్తింపదు. ఏడేండ్లు నిండిన బిడ్డచేత దినమునకు తొమ్మిది గంటలు పని చేయింపవచ్చును. ప్రమాదకరమైన యంత్రభాగములకు కంచె వేయవలెనను నిబంధన మాత్రము అందు గలదు. నాటి జాతీయపత్రికలు పెక్కు దీనిని లంకాషైరు పన్నాగమని ఎదిరించినవి. పన్నాగమనుట అబద్ధము కాదు. కాని యంత్రములో చేయి చిక్కుకొన్న కూలివానికి ఆ కంచె ఎవరి స్వార్థమువలన వచ్చిననేమి? 1884లో నారాయణ మేఘాజీ లోఖండే సిద్ధపఱచిన మహజరుపై 5,500 మంది కార్మికులు చేవ్రాళ్లు చేసిరి. పనిలో గాయపడినవానికి కోలుకొనువఱకు కూలి యీయవలెననునది వారి కోరికలలో నొకటి. పరిహారపు చట్టము 1923లో గాని రాలేదు. అది అమలునకు వచ్చినది 1924 జూలై 1న. ఆ నలువదియేండ్లును, చేయి పోయినవాడు ఇంటికి పోవుటయే.

స్వతంత్రభారతము 1948లో చేసికొనిన చట్టము వీనియన్నిటికంటె మేలైనది. అయినను 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలులో ఏమి జరిగెను? విషద్రవమును చల్లగా నుంచు యంత్రమును నెలల ముందే ఆపివేసిరి. వెలువడు వాయువును కాల్చివేయవలసిన గోపురము పనిచేయు స్థితిలో లేదు. కంచె లేకపోలేదు, ఖర్చు మిగులునని దానిని తీసివైచిరి. 1986లో అత్యున్నత న్యాయస్థానము, అపాయకరమైన పరిశ్రమ నడుపువాడు కలిగిన హానికి సంపూర్ణముగా బాధ్యుడని తీర్పు చెప్పెను. 1987లో చట్టమును సవరించి, ఆపద కనబడినపుడు హెచ్చరించు హక్కును కార్మికునకిచ్చిరి.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము చెంత వెంకటాపురమున స్టైరీను ఆవిరి ఊరిమీద పడెను. లాక్‌డౌను దినములలో ద్రవము తొట్టిలోనే నిలిచి వేడెక్కెను. ఉష్ణమాపకము తొట్టి యడుగుననే యున్నది. పైభాగమున వేడి యెంతయో చూచు సాధనము లేదు. సైరను మ్రోగలేదు. 12 మంది ప్రాణములు పోయినవి. భోపాలు పాఠము మన తీరమునకు చేరుటకు ముప్పదియైదేండ్లు చాలలేదు!

ఆ సంవత్సరమే పార్లమెంటు పాతచట్టములను కలిపి నూతన స్మృతిని ఆమోదించెను. అందొక యంశమును పాఠకులు గమనింతురుగాక. యంత్రశక్తి వాడు చోటు ఫ్యాక్టరీ యనిపించుకొనుటకు ఎందఱు పనివారుండవలెను? 1881లో 100, 1891లో 50, 1922లో 20, 1948లో 10. మెట్టుమెట్టుగా దిగివచ్చిన యీ సంఖ్యను 2020 స్మృతి మరల 20కి ఎక్కించినది. చిన్నచోట యంత్రము వ్రేళ్లను నఱకదా? వ్యాపారసౌలభ్యమను మాటతో దీనిని సమర్థించుట మాకు సమ్మతము కాదు.

మఱియొకటి. హెచ్చరికలు అధికసంఖ్యాకులైన పనివారికి తెలిసిన భాషలో నుండవలెనని 1948 నాడే వ్రాసిరి. నేడు మన కర్మాగారములలో ఒడిశానుండి, బీహారునుండి వచ్చిన యువకులు, అందు పెక్కుమంది గుత్తేదారుని కూలీలు, పనిచేయుచున్నారు. తెలుగు పలకను వారెట్లు చదువుదురు? హెచ్చరించిన మరునాడు ద్వారముకడనే ఆపివేయుదురను భయముగలవానికి ఆ హక్కు ఎందులకు? తనిఖీ నివేదికలను, విచారణసంఘముల నివేదికలను పనివారి భాషలన్నిటిలో అచ్చొత్తించి, కర్మాగారపు ద్వారముననే అంటింపవలెనని ఉభయ ప్రభుత్వములను కోరుచున్నాము. పాశమైలారపు నివేదికతో ఆరంభింపవచ్చును.