ఏ గోదాలో దించాలి?

కిందటి నెల పెళ్ళి భోజనాల దుబారా గురించి రాసినందుకు కొందరు మెచ్చుకుంటూను, కొందరు తిడుతూను ఉత్తరాలు రాశారు. వారికి జవాబు మరోమారు చెప్పుకుంటాను. ఈ నెల ముచ్చటకు కారణం ఇంకొక చీటీ. రాసింది మా చెల్లెలే. షోలాపురంలో మా యింటికి రెండు వీధుల అవతలే వుంటుంది. నోటితో చెప్పుకోలేక కాగితం మీద పెట్టిందంటే వ్యవహారం గట్టిదే ననుకున్నాను.

“అన్నా, పోరడు కాలేజీల చేరనంటుండు. పహిల్వాన్ అయితడట. దూరపు బడికి పైసలు కట్టుమంటుండు. వాళ్ళ నాయిన ఏం మాట్లాడడు. నువ్వన్న వచ్చి చెప్పు.”

పోరడంటే ఆవిడ మనుమడు. పదహారేళ్ళు నిండినవి. మనిషి ఏపుగా ఎదిగాడు. ఆ యింట మూడు తరాలుగా మగ్గాలే గాని మల్లులు లేరు. నిల్వవున్న డబ్బల్లా ఆడపిల్ల చదువుకని బ్యాంకులో వేసినదే. వీడు ఎంచుకున్న శిక్షణాలయం వారు ఏడాది రుసుమంతా ముందే చెల్లించమన్నారట. చెల్లిస్తే ఆ డబ్బే చెల్లించాలి.

సాయంత్రం వెళ్ళి కూర్చుని, “ఏ కుస్తీరా నువ్వు నేర్చుకునేది?” అన్నాను.

“కుస్తీల మళ్ళ రకాలేంది తాతా?” అన్నాడు వాడు తెల్లబోయి.

రకాలున్నవి. ఆ సంగతి తెలియకుండానే చాలామంది తలిదండ్రులు డబ్బు కడుతున్నారు. మట్టి గోదాలో పట్టే కుస్తీ ఒకటి. మ్యాటు మీద పాయింట్లకు పట్టేది దానికి తమ్ముడు. ఈ రెంటిలోను ఎవడు గెలుస్తాడో పట్టేవాళ్ళకు కూడా ముందుగా తెలియదు. టీవీలో నాలుగు వైపులా తాళ్ళు కట్టిన అరుగు మీద చూసేది వేరొక విద్య. అక్కడ గెలుపోటములు ముందే నిర్ణయమై వుంటవి. అది నాటకం. అయితే నాటకమని చులకన చేయరాదు. ఆ అరుగు కింద ఇనుప చట్రం, దానిపైన చెక్క పలకలు, పలకల మీద పలుచని పరుపు, పైన గుడ్డ, అంతే. దాని మీద మళ్ళీ మళ్ళీ వెల్లకిల పడాలి. గడ్డం రొమ్ముకు ఆనించి, తల తగలనీయకుండా, అరచేతులు చాచి, దెబ్బ వీపంతా పరచుకొనేటట్లు పడటం అందులో ఓనమాలు. ఎదుటివాణ్ణి ఎత్తి వేసేటప్పుడు వాడి మెడ తన చేతిలో వున్నదని మరువకపోవడం రెండో పాఠం. ఫలితం నాటకమే గాని విరిగేవి నిజమైన ఎముకలే.

ఈ విద్యకు మన దేశంలో పేరుపడ్డ చోటు జలంధరులో వున్నది. గ్రేట్ ఖలీ అనే పేరుతో అమెరికాలో ఆడిన దలీప్ సింగ్ రాణా 2015లో పెట్టినది. హర్యానా పిల్ల కవితాదేవి అక్కడ నేర్చుకునే అమెరికా కంపెనీ దాకా వెళ్ళింది. ఆ కంపెనీ వారు తమ స్వంత శిక్షణాలయాన్ని 2013లో ఓర్లాండోలో తెరిచారు. అక్కడికి వారే పరీక్షించి మనుషుల్ని తీసుకుంటారు గాని, రుసుము కట్టి చేరేది కాదు.

అదే అమెరికాలో జరిగిన మరొక సంగతి కూడా మనుమడికి చెప్పాను. 2001లో కాలిఫోర్నియాలో ఒక శిక్షణాలయంలో అభ్యాసం చేస్తూ ఒక విద్యార్థి పడి మరణించాడు. అంతకు ముందే తలకు దెబ్బ తగిలిన మనిషి. అయినా మళ్ళీ దింపారు. 2005లో న్యాయస్థానంలో జ్యూరీ వారు ఆ కుటుంబానికి 13 లక్షల డాలర్ల పైచిలుకు ఇవ్వమన్నారు. ఇచ్చిన డబ్బు ఇచ్చారు. పిల్లవాడేడీ?

ఇది చెబుతుంటే మా చెల్లెలు నావంక అదోలా చూసింది. ఎందుకో నాకు తెలుసు. పాఠకులకు కూడా చెప్పవలసినదే.

ఇరవై రెండేళ్ళ కిందట మా రెండోవాడు ఇట్లాగే పట్టుపట్టాడు. నేను శిక్షణాలయానికి వెళ్ళాను. గోడ మీద పెద్ద పెద్ద పహిల్వాన్ల ఫోటోలు చూశాను, రసీదు పుస్తకం చూశాను, డబ్బు కట్టి వచ్చాను. మ్యాటు చూడలేదు. వైద్యుడెవరని అడగలేదు. రెండో నెలలో మావాడు మెడమీద పడ్డాడు. చెయ్యి తిమ్మిరెక్కిందని చెబితే నేర్పేవాడు “మగవాడివి కావూ? లే” అని మళ్ళీ దింపాడట. ఇంటికొచ్చిన తర్వాత మూడు నెలలు కుడి చేత్తో అన్నం కలుపుకోలేకపోయాడు. కట్టిన డబ్బులో పైసా తిరిగి రాలేదు. ఆ చోటి పేరెందుకు లెండి, దుకాణం ఎప్పుడో కట్టేశారు. మావాడు ఇప్పటికీ బరువెత్తబోతే వాళ్ళ అమ్మ ముఖం చూస్తుంది.

అందుచేత ఈసారి ముందే చూడాలనుకున్నాను. మనుమణ్ణి వెంటబెట్టుకుని మిరజ్ మీదుగా కొల్హాపురం వెళ్ళాను. డబ్బు మాత్రం తీసుకుపోలేదు.

కుస్తీ విషయంలో కొల్హాపురం మనకు కాశీ వంటిది. శాహూ మహారాజు పోషించిన విద్య. ఆయన కాలంలో, 1912లో తయారైన ఖాస్‌బాగ్ మైదానంలో నడిమధ్య మట్టి గోదా, చుట్టూ గట్టులాగా లేచిన కూర్చునే చోటు. ఎంత వెనక కూర్చున్నా పట్టు కనబడుతుంది. గంగావేశ్, మోతీబాగ్, శాహుపురి మొదలైన తాలీములు ఆ ఊళ్ళోవే. తాలీమంటే మన పెద్దలు తాలింఖానా అనేదే. ఎర్రమట్టిలో మజ్జిగ, నూనె, పసుపు, నిమ్మరసం కలిపి మెత్తగా చేస్తారు. తెల్లవారుజామునే లేవటం, దండీలు, బస్కీలు, గోదా తవ్వటం, పట్లు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మళ్ళీ మట్టి. వస్తాదుగారి మాటకు ఎదురుండదు. బసకయ్యేది కొద్ది. ఖురాకుకయ్యేదే మోత. పాలు, బాదంపప్పు, నెయ్యి, మాంసం తినేవారికి మాంసం. ఇంటివారు నెలనెలా పంపాలి. ఈ లెక్క ఎవరూ ముందుగా వేసుకోరు. సగంలో పాలు మానేసిన పిల్లవాడు సగం కుస్తీతో తిరిగొస్తాడు.

ఖాశాబా జాదవ్ సంగతి మనవాళ్ళకు తెలియవలసినది. కరాడ్ దగ్గర గోళేశ్వర్ గ్రామం. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో కాంస్య పతకం తెచ్చాడు. స్వతంత్ర భారతానికి ఒక మనిషి ఒంటిగా తెచ్చిన మొదటి పతకం అది. ప్రయాణానికి డబ్బు లేకపోతే, ఆయన చదివిన రాజారాం కళాశాల ప్రిన్సిపాలు తన యిల్లు కుదువబెట్టి 7,000 రూపాయలిచ్చాడు. అంతటివాడికీ బతుకు తెరువైనది పోలీసు ఉద్యోగమే. అర్జున పురస్కారం ఆయన పోయిన తర్వాత గాని రాలేదు. కుస్తీలో పేరొచ్చిన పిల్లలకు నేటికీ గట్టి నీడ పోలీసు, రైల్వే, సైన్యం ఉద్యోగాలే. జాతరల ఇనాములు వుంటవి, గాని అవి ఏడాది పొడుగునా రావు. అందుకని పదో తరగతితో చదువు ఆపించే తాలీమును నేను నమ్మను.

మేము చూసిన వాటిలో ఒక వస్తాదుగారు, పేరు రాయడానికి అనుమతి అడగలేదు, అరవై దాటిన మనిషి. చెవులు రెండూ నలిగి ముద్దలైనవి. నేను అడగవలసినదంతా అడిగాను. మట్టి ఒక్కటేనా, మ్యాటు కూడానా? రెండూనట. మహారాష్ట్ర కేసరి పోటీలో కూడా మట్టి వారిలో నెగ్గినవాడు, మ్యాటు వారిలో నెగ్గినవాడు చివరకు తలపడతారు గదా. మ్యాటు మీద మూడేసి నిమిషాల రెండు విడతలే. మట్టి ఓపిక ఒక్కటే చాలదు. కొత్త పిల్లవాణ్ణి ఎవరితో కలుపుతారు? బరువు సరిపడినవాడితోనే. తలకు దెబ్బ తగిలితే? “ఆ రోజుకు గోదా బంద్. డాక్టరు సరేనన్న తర్వాతే మళ్ళీ” అన్నారు. తామర వంటి చర్మవ్యాధి వస్తే విడిగా వుంచుతారట. బరువు తగ్గించడం గురించి అడిగితే మాత్రం కొంచెం తడుముకున్నారు. 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల విద్యార్థులు పోటీకి బరువు తగ్గాలని నీళ్ళు మాని, చెమటలు కార్చుకుని కొద్ది వారాల తేడాలో చనిపోయిన సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “మా పిల్లలు కూడా అట్లా చేస్తుంటారు. నేను చూడనప్పుడు” అన్నారు. అబద్ధం చెప్పలేదు గదా అని నాకు ఆయన మీద అప్పుడే గురి కుదిరింది.

ఆ తర్వాత మావాణ్ణి లోపలికి పిలిచి బస్కీలు తీయమన్నారు. వంద తీస్తానన్నవాడు అరవై దగ్గర కూలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. వాడికంటె చిన్నవాడొకడు వచ్చి చెయ్యిచ్చి లేపాడు. తిరుగు ప్రయాణంలో మావాడు జలంధరు ఊసెత్తలేదు. అయితే మానేశాననీ అనలేదు. “టీవీ కుస్తీకి గూడ ఇదే మొదలుండాలె గద తాతా?” అన్నాడు. నిజమే. దారాసింగ్ కూడా ముందు నిజం కుస్తీ పట్టినవాడే. మన వైపు చూస్తే కోడి రామమూర్తి నాయుడు సర్కసు పెట్టి లోకాన్ని అబ్బురపరచడానికి ముందు వ్యాయామశాలలోనే ఒళ్ళు వంచాడు.

వస్తాదుగారు చెప్పిన ఏర్పాటిది. ఇప్పుడు ఇక్కడే కాలేజీలో చేరాలి. వేసవి సెలవుల్లో ఒక నెల వచ్చి వుండాలి. రుసుము ఆ నెలకే. తట్టుకుంటే అప్పుడు చదువును కొల్హాపురానికి మార్చుకోవచ్చు. ఆడపిల్ల డబ్బు బ్యాంకులోనే వుంటుంది.

ఇదంతా చెబితే మా చెల్లెలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ నోరెత్తని మా మేనల్లుడు అప్పటికి నోరు విప్పి, “నెలకు పాలకెంత పంపాలె మామా?” అన్నాడు.

కాగితం తీసి లెక్క వేస్తుంటే, ఆ డబ్బు ఎవరి పేరున వున్నదో ఆ పన్నెండేళ్ళ పిల్ల తలుపు చాటునుంచి, “సాక్షీ మలిక్ గూడ ఆడపిల్లే గద. మరి నన్ను తోలరా?” అని అడిగింది. వాళ్ళ నాయనమ్మ తల పట్టుకుంది. రియోలో 2016లో పతకం తెచ్చిన ఆ సాక్షీయే 2023లో తోటి మల్లులతో కలిసి, ఆడపిల్లల పట్ల అసభ్య ప్రవర్తన జరుగుతున్నదని ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. ఆడపిల్లను పంపేవారు వార్డెను ఎవరు, నేర్పేది ఎవరు, రాత్రి తలుపు తాళం ఎవరి దగ్గర వుంటుంది అనేవి కూడా అడగాలి. వాటికి జవాబులు నా దగ్గర ఇంకా లేవు. పిల్ల మాత్రం వచ్చే ఆదివారం నన్ను మళ్ళీ రమ్మన్నది.