పసిబిడ్డ పక్క గురించి మంత్రి గారికి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారూ,

ప్రసవమైన తల్లికి దవాఖానలో ముర్రుపాలు పట్టమంటారు, టీకాల తేదీలు రాసిస్తారు. బిడ్డను ఎలా పడుకోబెట్టాలో చెప్పేవాళ్లు తక్కువ.

ఇంటికి రాగానే తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు, చలికి రెండు దుప్పట్లు, దొర్లకుండా అటూ ఇటూ బొంతలు. అన్నీ ప్రేమతో పెట్టేవే. కానీ ముఖం మీదికి జారిన గుడ్డను తీసుకోవడం ఆ చిన్ని చేతులకు చేతకాదు. చీర ఊయలలో వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనితే, ఏడుపైనా లేకుండా ఊపిరి ఆగవచ్చు. చదునైన, గట్టి పక్క మీద, దిండూ దుప్పటీ లేకుండా, పగలైనా రాత్రైనా వెల్లకిలా పడుకోబెట్టాలి. పాలు కక్కితే గొంతుకు అడ్డం పడతాయని అమ్మమ్మలం భయపడతాం. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ మింగడమో దగ్గడమో చేసి తట్టుకుంటుంది. అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టమని 1994 నుంచి ఊరూరా ప్రచారం చేశారు. నిద్రలో హఠాత్తుగా పోయే పసికందుల సంఖ్య పదేళ్లలోపే దాదాపు సగానికి తగ్గింది.

ఒక్క గది ఇళ్లలో తొట్టెలు కొనమనడం లేదు. తల్లికి చేతికందే దూరంలో, నేల మీద విడిగా పరిచిన పలుచని పక్క చాలు. ఆ గదిలో బీడీ, సిగరెట్ కాల్చకూడదు.

ఆస్పత్రి ప్రసవం తర్వాత 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలి. మొదటిసారి వచ్చినప్పుడే బిడ్డ పక్కను కళ్లారా చూసి సరిచేయమని ఆదేశించండి. ఆ మాటలు తల్లితోపాటు అమ్మమ్మకూ నానమ్మకూ చెప్పించండి.

ఇట్లు,
ఒక అమ్మమ్మ